నీరడి వాళ్ళకు తరతరాల అలవాటు

మా కాలనీ సంఘం మినిట్స్ పుస్తకం బుధవారం ఉదయం మా ఇంటికి వచ్చింది. పంపింది అధ్యక్షుడు ఫణిభూషణ్ గారు.

"మీ భాష బాగుంటుంది జానకీదేవి గారూ. ఆదివారం జరిగింది ఒక్క పేరాలో రాసిపెట్టండి. సాయంత్రం అందరం సంతకాలు పెడతాం" అని ఫోన్లో చెప్పారు. ఏం రాయాలో కూడా చెప్పారు. లక్ష్మణ్ తనంతట తానే గొట్టంలోకి దిగాడని, ఆ పని వాళ్ళకు తరతరాల అలవాటని.

ఆ చివరి మాట ఆయనది కాదు. నాది.

మా కాలనీ మేడ్చల్ దగ్గర రావల్కోల్ వెళ్ళే దారిలో ఒక కుంట కింద ఉంది. కుంట నిండితే పొర్లే నీళ్ళు పోవడానికి పూర్వం ఒక కాలువ ఉండేది. ప్లాట్లు వేసినప్పుడు దాన్ని గేటు ముందు రోడ్డు కింద సిమెంటు గొట్టంలోకి మళ్ళించారు. మా ఇళ్ళ మురుగు కూడా అందులోనే కలిపారు. పోయిన ఏడు అది పూడుకుపోయి మొదటి మూడు వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఈసారి వానలకు ముందే శుభ్రం చేయించాలని పట్టుబట్టింది నేనే. మురుగు లాగే బండి రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు. అంతదాకా ఎందుకు, మనమే చేసుకుందామన్నాను.

నేను కాకినాడలో బి.ఏ. చరిత్ర చదివాను. తాము ఉంటున్న చోటు గతం తెలిస్తే మనుషులు దాన్ని సొంతం అనుకుంటారని నా నమ్మకం. అందుకే గేటు దగ్గర ఆకుకూరలు అమ్మే సత్యమ్మను అడిగాను. ఆమె మామగారు ఆ కుంటకు నీరడి. తూము తెరవడం, మూయడం, పొలాలకు వంతులవారీగా నీళ్ళు వదలడం ఆయన పని.

"వేసవిలో కాలువ పూడిక తీయడానికి ఊరంతా వచ్చేవాళ్ళా సత్యమ్మా?"

"ఊరంతనా?" ఆమె నవ్వింది. "ఎవలు జెప్పిండ్రమ్మా నీకు? మా గల్లీ మన్షులు తట్టలు మోసేటోళ్ళు. పట్టాదార్లు కట్ట మీద గొడుగులు పట్టుకొని నిలవడేటోళ్ళు. తూముల చెత్త ఇరుక్కుంటే మా మామ దుంకుతుండె. ఒకపారి దుంకినోడు పైకి రాలే."

"రాలేదా?"

"మూడొద్దులకు దొరికిండు. అప్పుడు మా ఆయన శాన చిన్నోడు. గీ కొత్తిమీర కట్ట గూడ తీస్కో, మస్తు తాజాగుంది."

ఇంటికొచ్చి కాలనీ గ్రూపు కోసం రాశాను. 'ఒకప్పుడు ఈ కాలువను ఊరు ఊరంతా కలిసి బాగుచేసుకునేది. ఇంటికొక మనిషి వచ్చేవాడు. తూములోకి దిగడం నీరడి వాళ్ళకు తరతరాల అలవాటు. ఆ కలిసి బతికే గుణం మనకూ రావాలి.'

గొడుగుల మాట రాయలేదు. ఆ పట్టాదార్ల మనవలు మా మొదటి వీధిలోనే ఉంటారు, నొచ్చుకుంటారు. మామగారి చావు రాయలేదు. చదివినవాళ్ళు బెదిరి పనికి రారు. మంచి జరగడానికి ఆ మాత్రం వదిలేయవచ్చనుకున్నాను. రెండుసార్లు చదువుకుని, ఒకచోట తప్పిపోయిన ఒత్తు దిద్ది మరీ పంపాను. చాలామంది మెచ్చుకున్నారు.

ఆదివారం ఎనిమిదింటికి నలభై మంది వచ్చారు. టోపీలు, చేతి తొడుగులు, ఇడ్లీలు, గేటుకు కట్టిన బ్యానరు. గంటలో గట్టు మీది ప్లాస్టిక్ అంతా ఏరేశారు, ఫోటోలు దిగారు. మిగిలింది గొట్టం లోపలి బురద. అందరూ వంగి చూసి వెనక్కి జరిగారు.

"సత్యమ్మ కొడుకు ఇక్కడే ఉన్నాడుగా" అన్నారు ఫణిభూషణ్ గారు. "వాళ్ళు నీరడి వాళ్ళు. మేడం రాశారు కదా, తరతరాల అలవాటు."

లక్ష్మణ్ మేడ్చల్ నుంచి దుండిగల్‌కు షేర్ ఆటో నడుపుతాడు. గేటు దగ్గర సవారీల కోసం ఆగి ఉన్నాడు.

"నాకేం తెల్వద్సార్. నేను ఆటో నడ్పేటోన్ని. దిగింది మా తాత."

"తాత రక్తం ఎక్కడికి పోతుందయ్యా!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. "పది నిమిషాల పని."

అతను నా వైపు తిరిగాడు. "మా తాత గురించి నువ్వే రాసినవంట గదమ్మా?"

"అవును లక్ష్మణ్."

"అయితే ఇజ్జత్ సవాలే ఇగ" అని నవ్వి, చెప్పులు విప్పి గట్టు మీద పెట్టాడు. "అన్నా, నా ఆటో జర చూస్తుండు."

మీ తాత పైకి రాలేదు అన్న మాట అప్పుడు నా నోట్లోనే ఉంది. అది పైకి అంటే, నలభై మంది ముందు నేను రాసింది సగమేనని ఒప్పుకోవాలి. అనలేదు.

అతను పార తీసుకుని గొట్టంలోకి దిగాడు. కాసేపు పార చప్పుడు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. పిలిస్తే పలకలేదు. తాడు ఎవరూ తేలేదు. బ్యానరు తాడు విప్పి లోపలికి వేశారు. అది అతని దాకా అందలేదు. అందినా పట్టుకోవడానికి అతనికి స్పృహ లేదు. లోపలి గాలి విషమైందని ఫైరింజను వాళ్ళు చెప్పారు. వాళ్ళు అతని శవాన్ని బయటికి తీసేసరికి పదకొండు దాటింది.

మంగళవారం సత్యమ్మ ఇంటికి వెళ్ళాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మా మామ ముచ్చట నీకు జెప్పిన గదమ్మా."

"చెప్పావు."

"నా కొడుక్కు నేనెన్నడు జెప్పలే. మీ తాత మొనగాడు అనే జెప్పుకుంట వచ్చిన. భయపడ్తడని. సదువుకున్నదానివి, నువ్వన్న జెప్పకపోతివి."



బుధవారం సాయంత్రం సభలో, నేను రాసింది నేనే చదివాను. ఎవరు పిలిచారు, అతను ఏమని కాదన్నాడు, ఎవరు నవ్వారు. బండి కోసం ఆగలేదని, తాడు లేదని, గొట్టంలో ఉన్నది మన మురుగేనని. అతని తాత ఆ కుంట తూములోనే చనిపోయాడని, అది తెలిసి నేను దాచానని.

"ఇది మినిట్సా, పోలీసు కంప్లెయింటా?" అన్నారు ఫణిభూషణ్ గారు. "అందరి మీదికీ వస్తుంది జానకీదేవి గారూ. ముందు మీ మీదికే వస్తుంది."

"రావాలండీ."

పుస్తకం చేతులు మారి, నా ఒక్క సంతకంతో నా దగ్గరికే తిరిగొచ్చింది. ఆయన దాన్ని తీసుకుని పక్క పేజీలో తనే నాలుగు వాక్యాలు రాశారు. తరతరాల అలవాటు అన్న నా మాట అక్కడ అక్షరం పొల్లుపోకుండా ఉంది. దాని కింద అందరూ వరుసగా సంతకాలు పెట్టారు. నా పేజీ చింపేద్దామని ఎవరో అన్నారు. ఆయన అంచు పట్టుకుని కూడా ఆగిపోయారు. ఆ పుస్తకానికి మొదటి నుంచి చివరి దాకా పేజీ నంబర్లు వేసింది నేనే. ఒకటి పోతే తెలుస్తుంది.

ఆ పేజీ ఫోటో తీసుకుని ఇంటికి బయలుదేరాను. తెల్లారగానే సత్యమ్మకు చదివి వినిపించాలి. గేటు దగ్గర సన్నగా తుంపర మొదలైంది. గొట్టంలో బురద అలాగే ఉంది. లక్ష్మణ్ చెప్పులు ఇంకా ఆ గట్టు మీదే ఉన్నాయి.