జవాబు రావలసిన పాట

నా గొంతు విని ఒకసారి ఐదువేల మంది కుర్చీలు వదిలి లేచి నిలబడ్డారు. పంక్ పాటంటే మరేమనుకున్నారు? మూడే స్వరాలు, నిమిషమున్నర పాట. మధ్యలో ఊపిరి పీల్చుకున్నామా, పాట మనల్ని వదిలేసి వెళ్ళిపోతుంది. నేను పాడేవాణ్ణి, మా బావ గిటారు వాయించేవాడు, మూడోవాడివి డ్రమ్ములు. అప్పటికింకా బావ కాడు, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునే స్నేహితుడు.

పాట కూడా మేం కట్టిందే. నేను ఒక ముక్క అరిస్తే వాళ్ళిద్దరూ జవాబు అరవాలి.

“జుట్టు కత్తిరించుకోమన్నారు!”

“తగ్గం!”

“గోల చెయ్యొద్దన్నారు!”

“తగ్గం!”

ఐదువేలు అన్నానా? పదకొండు మంది. లేచి నిలబడిన మాట నిజమే, కరెంటు పోయింది మరి. అందులో ఒకాయన ఫ్యూజు వెయ్యడానికి వచ్చిన మనిషి. చివరిదాకా ఉన్నది ఆయనొక్కడే. అయినా పంతొమ్మిదేళ్ళ కళ్ళకి పదకొండు మంది ఐదువేల మందిలాగే కనిపిస్తారు.

రెండో కచేరీకి నేను వెళ్ళలేదు. ఆ సాయంత్రమే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి రమ్మన్నారు. వీళ్ళిద్దరికీ ఆ మాట చెప్పడానికి నోరు రాక, చెప్పకుండానే వెళ్ళిపోయాను. జుట్టు కూడా కత్తిరించుకునే వెళ్ళాను. కచేరీలో మా బావ గిటారు తగిలించుకుని, నేను అరవాల్సిన చోటల్లా ఖాళీ వదిలి, “తగ్గం” మాత్రం అరుస్తూ పాటంతా పూర్తిచేశాడట.

తర్వాత నేను ఆయన చెల్లెల్నే చేసుకున్నాను. పెళ్ళికొచ్చాడు, భోంచేశాడు, నాతో మాత్రం మాట్లాడలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు, ఒకే గదిలో కూర్చుని కూడా, మా ఆవిడ చేతే మాటలు మోయించాడు.

“అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు, చొక్కా తిరగేసి తొడుక్కున్నాడని.”

“మీ అన్నయ్యకి చెప్పు, ముందు కళ్ళద్దాలు తుడుచుకోమని.”

“మీ ఇద్దరికీ చెవులు బానే ఉన్నాయి, చెవుడొచ్చేది నాకే!” అని విసుక్కుంటూనే ఆవిడ రెండు వైపులా చేరవేసేది.

నిరుడు ఆవిడ పోయింది. ఇల్లెంత నిశ్శబ్దమైపోయిందంటే, గోడ గడియారం టకటకలు విని ఎవరో వచ్చారనుకుని రెండుసార్లు తలుపు తీశాను. బావకి ఫోన్ చేస్తే ఎత్తుతాడు, మాట్లాడడు. అటువైపు ఊపిరి కాసేపు విని నేనూ పెట్టేస్తాను. ఇలాగే ఉంటే మా ఇద్దరిలో ఒకడు పోయేదాకా మాటల్లేకుండానే గడిచిపోతుందని భయం పట్టుకుంది.

ఆయనది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. ఉత్తచేతులతో వెళ్ళడానికి మొహం చెల్లక, మా ఆవిడ చేతిమిషన్ మోసుకుని బయల్దేరాను. దానికి రోగమేమీ లేదు. అందుకని బాబిన్ కేసు, అదే అడుగుదారం పెట్టే చిన్న ఇనప డిబ్బీ, ఊడదీసి జేబులో వేసుకున్నాను.

దుకాణంలో ఒక నర్సమ్మ తన మిషన్ కోసం స్టూలు మీద కూర్చుని ఉంది. బావ నన్ను చూసి, ఆమెతో అన్నాడు:

“అమ్మా, ఏం కావాలో ఆయన్ని అడగండి.”

ఆమె అటూ ఇటూ చూసింది. “ఏం కావాలండీ?”

“కుట్టు పడటం లేదని చెప్పండి,” అన్నాను.

“ఆయన ఎదురుగానే ఉన్నారుగా!”

“ఉన్నాడమ్మా. అయినా చెప్పండి.”

బావ మిషన్ పక్కకి ఒరిగించి, అడుగున వేలు పెట్టి చూశాడు. “బాబిన్ కేసు జేబులో ఉందేమో చూసుకోమనండి.”

నర్సమ్మకి నవ్వాగలేదు. “మీరిద్దరూ ఏమవుతారండీ?”

బావ ఆమె మిషన్ తెచ్చి ముందు పెట్టాడు. ఆమె తన మిషన్ తీసుకుని, నవ్వుకుంటూనే వెళ్ళిపోయింది. ఇక మాట అందించే దిక్కు లేక, ఇద్దరం ఖాళీ స్టూలుకేసి చూస్తూ నిలబడ్డాం. క్షమించమని అడగడానికే వచ్చాను. కళ్ళు మూసుకుని పాట అందుకున్నాను.

“జుట్టు కత్తిరించుకోమన్నారు!”

ఇద్దరి నెత్తిమీదా కలిపి అరవై వెంట్రుకలు లేవు. గొంతు తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంది. జవాబు రావలసిన చోట ఆగాను. ఆ ఖాళీ ఎంత పొడుగో, అలాంటివి ఆ రెండో కచేరీలో ఆయన ఒక్కడే ఎన్ని దాటాడో అప్పుడు తెలిసింది.

“తగ్గం!” అని బావ అరిచాడు. ఆ దెబ్బకి సూదుల డబ్బా ఎగిరి కిందపడింది. ఎదురుకొట్టు దర్జీ కత్తెర జారవిడిచాడు.

సూదులు పడిన మాట నిజం, నా మోచెయ్యి తగిలి. దర్జీ తలైనా ఎత్తలేదు. అరుపు మాత్రం నేను కల్పించింది. బావ వంగి సూదులు ఏరుతూ ఖాళీ స్టూలుతో అన్నాడు: “ఆయనకి చెప్పు, మరీ నెమ్మదిగా ఎత్తుకున్నాడని.”

స్టూలు ఆ మాట నాకు చేరవెయ్యలేదు. నేనే విని, మళ్ళీ మొదటినుంచి, ఈసారి జోరుగా ఎత్తుకున్నాను.