ప్రెసిడెంటు భార్య దీక్ష

నాచారం సీసాల కంపెనీ యూనియన్‌కు బాలనర్సింహ ప్రెసిడెంటు అయిన నాటినుంచి అతని భార్య ఉప్పలమ్మ మీదా ఒక ఉద్యోగం వచ్చిపడింది. ఇంటికొచ్చిన కార్మికులకు చాయ్ కాచిపోయాలి. ఆయన లేనప్పుడు వాళ్ల గోడు వినాలి. మీటింగుల్లో ముందు కూర్చోవాలి. ఆమె మనసుపెట్టే చేసింది.

ఎనభై ఏడు ఎండాకాలంలో కంపెనీ లాకౌటైంది. ఆడవాళ్లు నిరాహారదీక్షకు కూర్చుంటే సర్కారు కదులుతుందని బాలనర్సింహే అన్నాడు. ప్రెసిడెంటు భార్య ఉంటే మిగతావాళ్లకు ధైర్యమన్నాడు. ఉప్పలమ్మ ఇల్లిల్లూ తిరిగి కొందరిని ఒప్పించింది. కొలిమి దగ్గర పనిచేసే పోశయ్య భార్య సత్యవేణి అయితే చంటిపిల్లతల్లి. "నువ్వున్నవు గద అక్కా, నాకేం ఫికర్" అని, బిడ్డను అత్తకు అప్పజెప్పి వచ్చి గేటెదుట టెంటులో కూర్చుంది.

మూడోనాడు మధ్యాహ్నం సత్యవేణి కళ్లు తేలేసింది. ఆమెను ఆటోలో దవాఖానాకు పంపి, దీక్ష ఆపమని చెప్పడానికి ఉప్పలమ్మ మొగుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరింది. కంపెనీ వెనక గెస్ట్‌హౌస్‌లో మేనేజరుతో మాట్లాడుతున్నాడని ఎవరో చెప్పారు. ఆమెకూ మూడురోజుల పస్తే; గోడ పట్టుకుని నడిచింది.

తలుపు తీసే ఉంది. బల్లనిండా బిర్యానీ, పక్కన మందు గ్లాసులు. బాలనర్సింహ మణికట్టు దాకా నూనె కారుతుంటే బొమిక చీకుతున్నాడు. మేనేజరు జనార్ధనరావు నవ్వుతూ అతని పళ్లెంలో ఇంకో ముక్క వేస్తున్నాడు.

ఉప్పలమ్మ సత్యవేణి సంగతి చెప్పింది. బాలనర్సింహ నమలడం ఆపలేదు.

"బతికే ఉన్నది గద. గిట్ల ఒకరిద్దరు పడితెనే పేపర్ల వస్తది. నువ్వు పొయ్యి టెంట్ల కూసో. నీ పని గదే."

బయటికొచ్చి ఆమె గోడవార వంగింది. ఖాళీ కడుపులోంచి చేదునీళ్లు తప్ప ఏమీ రాలేదు.

సాయంత్రం అతను స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, పేపరువాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒప్పందం కుదిరిందని చెప్పి నిమ్మరసం గ్లాసు భార్య నోటి దగ్గర పెట్టాడు. సబ్బు వాసన కింద మసాలా వాసన ఇంకా ఉంది. ఆమె గ్లాసు పక్కకు తోసింది.

"నీ చేత్తోని నేను తాగ."

తర్వాత గెస్ట్‌హౌస్‌లో చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు అందరికీ చెప్పింది. గొంతు పెంచలేదు. పోశయ్య కాండ్రించి ఉమ్మి వెళ్లిపోయాడు.

ఆ ఒప్పందంతో సగంమందికే పని దక్కింది. పోశయ్యకు దక్కలేదు. యూనియన్ కొత్త ప్రెసిడెంటును ఎన్నుకుంది. బాలనర్సింహను కంపెనీ సూపర్‌వైజరును చేసింది.

సత్యవేణి ఇంటికొచ్చిందని తెలిసి ఉప్పలమ్మ చూడబోయింది. సత్యవేణి గడపలోనే నిలబడి, "జర పనున్నది అక్కా" అని తలుపు వేసుకుంది. ఉప్పలమ్మ ఆమెను తప్పుపట్టలేదు.

ఇంటికొచ్చి మొగుడికి అన్నం పెట్టింది. అతను వేళ్లతో ముద్ద కలుపుతుంటే చూడలేక వాకిట్లోకి వచ్చేసింది. ఆ తర్వాత ఎన్నడూ అతని ఎదుట కూర్చుని తినలేదు.