మూడో గంట పురుగులు

ఉదయం తొమ్మిదికి హాజరు, ఆపై బోర్డు మీద తారీఖు, ఆపై పుల్లల కట్టలతో పదుల లెక్క, చివరికి పలకల మీద రాత. ఒకటో తరగతి దినచర్య ముప్పై ఏళ్లుగా ఇదే. అందులో టీచరమ్మకు రోత పుట్టించేది ఆ చివరి భాగం. ముప్పై ఇద్దరు పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూ, పలక మీద ఉమ్మి మోచేత్తో తుడిచి, ఆ తడి ఆరకముందే బోర్డు మీదున్న మాటను ఇరవైసార్లు ఎక్కించేసేవారు. గదంతా పులిసిన గుడ్డ కంపు కొట్టేది.

బడి విడిచే మూడో గంట కొట్టగానే, అదేమిటో తెలియకుండా రాసిన అక్షరాలన్నీ పురుగులై పలకలు దిగేవి. తెల్లగా, మెత్తగా, తేమతేమగా, తలకట్లు ఊపుకుంటూ బల్లల అంచుల మీంచి టపటపా నేల మీద పడి గోడవారగా పాకేవి. పిల్లలు కాళ్లు పైకి లాక్కుని కూర్చునేవారు. ఆయా చేట, చీపురు పట్టుకుని వచ్చేది.

"ఇవాళ రెండు చేటలండీ. రెండో తరగతిలో ఎక్కాలు రాయించారు, అక్కడ నాలుగొచ్చాయి."

"చాలు, ఇక చెప్పకు," అంటూ టీచరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

తన రాత మాత్రం ఏనాడూ కదలలేదు. ఆమె బోర్డు మీద వేసిన తారీఖు మర్నాడు తుడిచేదాకా ముత్యాలు పేర్చినట్టే ఉండేది. ఆమెకున్న గర్వమంతా అదే. ఆ గర్వం ఎంతో, తక్కినవారి రాతల మీద ఏవగింపు కూడా అంతే.

అన్నిటికన్నా ఆమెకు చీదర కలిగించేది మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చునే ఆరేళ్ల పిల్ల. తోటిపిల్లలు ఆ పిల్లకు 'నిదానం' అని పేరు పెట్టారు. ఎప్పుడూ నోట్లో వేలు, ఎదుట ఖాళీ పలక.

"ఏమే, వాన అని రాయమన్నానా లేదా?"

నిదానం నోట్లోంచి వేలు తీసింది. "ఇవాళ ఎండగా ఉంది కదా టీచర్."

"ఎండకూ నీ రాతకూ ఏమిటి సంబంధం?"

"వాన వచ్చినప్పుడు చూసి రాస్తాను."

"టీచర్, రేపు ఏనుగు అని రాయమంటే దీనికోసం ఏనుగును తోలుకురావాలి!" అని వెనక వరుసలోంచి ఒకడు అరిచాడు. తరగతంతా గొల్లున నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు, చొంగ కారుతున్న ఆ వేలిని చూసి మొహం తిప్పుకుంది.

మంగళవారం వాన కురిసింది. నిదానం కిటికీ ఊచల మధ్యనుంచి చేయి చాపి, దోసిట పట్టిన నీళ్లను నాకి, ఆ తడిచేత్తోనే బలపం అందుకుంది. టీచరమ్మ నాకడం వరకే చూసింది. ఛీ అనుకుని ఆ తర్వాత అటు చూడనే లేదు.

శుక్రవారం ఉదయం ఆ పిల్ల తల్లి వరండాలో గోడకు బడి మార్పు కాగితం ఆనించి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ కూతురి పేరు రాస్తూ కనిపించింది. చొక్కాలకు గుండీలు కుట్టే చోట పని ఆమెది; వేళ్ల కొసలన్నీ సూదిపోట్లే.

"పేరు నన్నే రాయమన్నారు టీచర్ గారూ. మిగతాదంతా మీ మాటను బట్టేనట. ఇంటికొచ్చాక అన్నీ చెబుతుందండీ, కాస్త నిదానంగా చెబుతుంది, అంతే. దాన్ని ఆ ఊరవతల బడిలో వదిలేసి నేనుండలేను."

"ఒక్కదాని కోసం తక్కినవారిని ఆపి కూర్చోలేనమ్మా," అని టీచరమ్మ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తీసుకుంది.

మధ్యాహ్నం హెడ్‌మాస్టారు తొంగిచూశారు. "సోమవారం బండి వస్తుందండీ. ఊరవతల మందమతుల బడి. పిల్లలు అక్కడే ఉండాలి, నెలకోసారి ఇంటికి పంపుతారు. కారణం రాయని కాగితాన్ని వాళ్లు ముట్టుకోరు. నాలుగు ముక్కలు రాసిపెట్టండి, ఓ పనైపోతుంది."

టీచరమ్మ కలం విప్పి, నీలిసిరాతో, ఒక్క కొట్టివేతైనా లేకుండా రాసింది: 'ఈ బాలికకు గ్రహణశక్తి లేదు. బోధించినది ఏదీ బుర్రకెక్కదు.'

మూడో గంట కొట్టింది. పిల్లలు పురుగులను దాటుకుంటూ ఇళ్లకు పరుగెత్తారు. నిదానం ఒక్కతే తల్లి కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆయా ఊడ్చుకుంటూ ముందుకు వచ్చి, టీచరమ్మ బల్ల దగ్గర ఆగిపోయింది.

"కదలకండి టీచర్ గారూ. మీ చేతి మీద పాకుతున్నాయి."

మణికట్టు మీద చల్లగా, జిగటగా ఏదో కదిలింది. నీలం పురుగులు. కాగితం మీంచి బారులు తీరి, గాజుల సందుల్లో దూరి, రవిక చేతి అంచుదాకా ఎక్కాయి. విదిలిస్తే ఒకటి పిచుక్కుమని చితికి వేళ్లకంటుకుంది.

"ఇవి నీలంగా ఉన్నాయేంటండీ? ఈ గదిలో సిరాతో రాసేదెవరు?" అని అడిగి, ఆయా తనే నాలుక కరుచుకుంది.

టీచరమ్మకు ముప్పై ఏళ్లుగా పిల్లలను చూసి పడిన రోతంతా ఒక్కపెట్టున తన మోచేతి మీదికి పాకినట్టయింది.

"ఆ పాప బల్ల కింద మాత్రం ఈ ఏడాది నా చీపురుకు పని పడలేదండీ," అంది ఆయా, మాట మార్చడానికన్నట్టు.

టీచరమ్మ లేచి మూడో వరుసకు వెళ్లింది. నిదానం పలక మీద ఒకే ఒక్క మాట ఉంది: వాన. పొడిగా, తెల్లగా, కుదురుగా.

"ఎప్పుడు రాశావు?"

"మంగళవారం. తుడవబుద్ధి కాలేదు టీచర్."

ఆమె వెనుదిరిగి వచ్చి, ఆయా వద్దంటున్నా వినకుండా, ఆ నీలం పురుగులను తన వేళ్లతోనే ఒక్కొక్కటిగా ఏరి చేటలో వేసింది. చివరిదాకా కొంగు ముక్కుకు పెట్టుకోలేదు.

హెడ్‌మాస్టారు వచ్చి కాగితం తిరగేసి చూశారు. "ఇంకా రాయలేదేమండీ?"

"రాశాను. నిలవలేదు."

"అయితే మళ్లీ రాయండి."

"నేను మళ్లీ రాసినా నిలవదండీ."

ఆయన చేటలోకి చూశారు, ఆమె సిరా వేళ్లను చూశారు. కాగితాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. అందులో రాత ఒక్క పైవరుసలోనే మిగిలింది. గోడకు ఆనించి తల్లి కూడబలుక్కున్న ఆ వంకరటింకర పేరు ఎక్కడ రాసింది అక్కడే ఉంది.