ముల్లు చూపిన వైపు

బస్సు డ్రైవరు దగ్గర డైవింగులో మొదటి కార్డు ఉంది. గాలి సిలిండరు వీపున కట్టుకుని పద్దెనిమిది మీటర్ల లోతు దాకా దిగొచ్చని దాని అర్థం. భార్య మాత్రం కిందటేడే రెండో కార్డు తెచ్చుకుంది. ఈ ఆదివారం పడవ పోయేది మునిగిన ఓడ దగ్గరికి. అది ముప్పై మీటర్ల లోతులో ఉంది. ఆ తర్వాత గాలులు మొదలై, పడవలన్నీ ఒడ్డెక్కేస్తాయి.

డైవింగు నేర్పే కొట్టు బావమరిదిదే. ఇంకేం, ఇంటి బండే కదా అనుకున్నాడు డ్రైవరు.

"ఒరేయ్, నన్నూ ఎక్కించుకో. మీ అక్క పక్కనే ఉంటుందిగా."

"అక్క పక్కనుంటే నీ లోతు పెరగదు బావా. రెండో కార్డు తీసుకో."

"ఎన్ని కార్డులురా? పేకాటా ఇది?"

"పేకాటైతే నిన్నెప్పుడో కూర్చోబెట్టేవాణ్ణి."

సణుక్కుంటూనే చేరాడు. మిగతావన్నీ గట్టెక్కాడు. శనివారం పొద్దుటికి ఒక్క పరీక్ష మిగిలింది. లంగరు తాడు దగ్గర్నుంచి కంపాస్ చూసుకుంటూ కొంత దూరం ఈది, మళ్లీ ఆ తాడు దగ్గరికే రావాలి.

"ఇరవై ఏళ్లుగా జనాన్ని ఇళ్లకు చేరుస్తున్నా. నాకు దారి నేర్పుతావా?" అంటూ నీళ్లలోకి దూకాడు. జోడీగా భార్య దిగింది.

అడుగున అంతా మసక. చెయ్యి చాపితే వేళ్లు సరిగ్గా కంటికి ఆనడం లేదు. వెళ్లడం బాగానే వెళ్లాడు. వెనక్కి తిరిగాక కంపాస్ ముల్లు ఒకవైపు చూపింది, ఒళ్లు ఇంకోవైపు లాగింది. ముల్లు చెడిందనుకున్నాడు. భార్య మోచెయ్యి పట్టి ఆపి, కంపాస్ మీద వేలితో తట్టింది. ఆయన తల అడ్డంగా ఊపి, తనకు తోచిన వైపే ఈదాడు. జోడీని వదలకూడదు కనక ఆవిడా వెంటపడింది.

పైకి తేలి చూస్తే పడవ ఎక్కడో అగ్గిపెట్టెంత కనిపించింది.

"పడవ కదిలింది," అన్నాడు.

"లంగరేసిన పడవ ఎలా కదుల్తుందండీ?"

ఈదీ ఈదీ చేరేసరికి పిక్కలు పట్టేశాయి. బావమరిది సంతకం పెట్టలేదు.

"సొంత బావనిరా!"

"అందుకే పెట్టను. నువ్వు తప్పిపోతే అక్కకి జవాబు చెప్పుకోవాల్సింది నేను."

భార్య తల తుడుచుకుంటూ అంది. "డిపోలో కొత్త డ్రైవరు బస్సు వెనక్కి తీస్తూ గోడని గుద్దాడుగా. వాణ్ణేమని తిట్టారు?"

డ్రైవరు వంగి కాళ్లకున్న రెక్కలు విప్పుకోసాగాడు.

"అద్దాన్ని నమ్మకుండా నీ బుర్రని నమ్ముతావేంరా అన్నారు. ఇంటికొచ్చి నాకూ వినిపించారు."

"అది బస్సు."

"బస్సైతే దిగి చూసుకోవచ్చు. ఇక్కడ అదీ లేదు."

మధ్యాహ్నం మళ్లీ దిగాడు. తిరిగొచ్చేటప్పుడు ఒళ్లు పొద్దుటిలాగే ఎడమకి లాగింది. తప్పు దారిలోనే పోతున్నానని గట్టిగా అనిపించింది. అయినా ముల్లు చూపిన వైపే కాళ్లాడించాడు. మధ్యలో భార్య వైపు చూశాడు. ఆవిడ ఏ సైగా చెయ్యలేదు. కాసేపటికి మసకలోంచి నల్లగా ఒక గీత పైకి లేచింది. లంగరు తాడు. రెండు చేతులా పట్టుకున్నవాడు, భార్య వేళ్లు విడదీసేదాకా వదల్లేదు.

పడవెక్కి, "ఈసారి మంచి కంపాస్ ఇచ్చావురా," అన్నాడు.

"పొద్దున్నదే బావా." బావమరిది సంతకం పెట్టాడు. "రేపు ఓడకి వచ్చెయ్."

డ్రైవరు కాసేపు పిక్కలు నొక్కుకుని, "మూడో కార్డులో ఏం నేర్పుతావ్?" అన్నాడు.

"ఆపదలో పడ్డవాళ్లని పడవకి చేర్చడం."

"అయితే నేను పొద్దున్నే ఈయనతో సగం నేర్చేసుకున్నా," అంది భార్య.