త్రువా వైపు కిటికీ

అరబ్బు దేశంలోని ఘుబ్రాలో ఆ లేబర్ రూముకి రెండు కిటికీలు. ముందుది తీస్తే కంపెనీ బస్సు, దుమ్ము, ఎండ. వెనకది తీస్తే ఫ్రాన్సులోని త్రువా అనే పాత ఊరు. అటువైపు ఆరేసిన బనియన్లు ఎన్నాళ్ళకీ ఆరవు. పెరుగు మాత్రం పులవదు, అందుకని గిన్నె ఆ కిటికీ గూట్లో పెట్టేవారు. కంపెనీ ఫ్రెంచి ఇంజనీరు ఒకసారి తొంగిచూసి, "మా ఊరే" అని, సైటుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

ఆ ఊరికి నిలకడ లేదు. ఒకరోజు పెద్ద సంత, దేశదేశాల వర్తకులు బట్టల మూటలు విప్పి బేరాలాడుతుంటారు. ఇంకోరోజు వీధులకు వీధులే అంటుకుంటాయి. అప్పుడు అన్నానికి పొగవాసన పట్టకుండా కిటికీ మూసేవారు. వారం తిరక్కుండా మళ్ళీ కర్ర దూలాలతోనే ఇళ్ళు లేస్తాయి. కాలిన ఊరు మళ్ళీ కర్రతోనే కట్టుకోవడం ఏం బుద్ధో! పెద్ద చర్చికి రెండు గోపురాలనుకుని ఒక్కటే కట్టారు. రెండోదాని గురించి అక్కడ ఎవరికీ బెంగ ఉన్నట్టు కనబడదు.

బెంగంతా నర్సయ్యది. సిరిసిల్లలో నేత మానేసి వచ్చి ఇక్కడ సిమెంటు మోస్తున్నాడు. ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. వంటచెరకు కింద అడుగుతున్నారు, అమ్మాలా వద్దా చెప్పమని భార్య సత్తవ్వ క్యాసెట్లో మాట నింపి పంపింది. తొంభైల్లో కూడా ఉత్తరం రాయడం రానివాళ్ళకి క్యాసెట్లే దిక్కు. రూములో ఉండే భూమేశ్ ఇంటికి పోతున్నాడు, అతని చేతికే జవాబు ఇవ్వాలి. నర్సయ్య కూర్చోలేడు, నిలబడలేడు, తింటూ తింటూ లేచిపోతాడు.

"అన్నా, గంత పరేషాన్ ఎందుకే? అమ్ముమను, లేకుంటె వద్దను" అన్నాడు భూమేశ్, పెట్టెకి తాడు బిగిస్తూ.

"మా నాయిన నేసిన మగ్గంరా. పొయ్యిల వెట్టుమని నా నోటితోని ఎట్ల జెప్పాలె?"

"మరి పోయి నేస్తవా?"

"నేస్తె ఎవడు కొంటడు?"

భూమేశ్ తాడు ముడేశాడు. బయట టాక్సీ హారన్ కొట్టింది. నర్సయ్య టేప్ రికార్డర్ పట్టుకుని వెనక కిటికీ దగ్గర కూలబడ్డాడు. ఆ రోజు త్రువాలో నేతగాళ్ళ వీధి, ఇంటింటా మగ్గాలాడుతున్నాయి. "అమ్మెయ్యి సత్తవ్వా, మనసు రాయి జేస్కొని అమ్మెయ్యి" అని చెప్పి ఏడ్చాడు. మళ్ళీ వినే తీరిక లేక క్యాసెట్ భూమేశ్ చేతిలో పెట్టాడు.

సెలవు ముగించుకుని భూమేశ్ జవాబు తెచ్చాడు.

"నీ క్యాసెట్ ఇన్నం" అంది సత్తవ్వ గొంతు. "ఒక్క మాట గూడ మాట్లాడకపోతివి. క్యాసెట్ తిప్పేసినా రెండు దిక్కుల మగ్గాల సప్పుడే. వాడకట్టోళ్ళంత వచ్చి ఇన్నరు. మామ ఉన్నప్పటి సప్పుడు గిదే అని అత్త ఏడ్సింది. నీ మనసు నాకు తెలిసింది, మగ్గం అమ్మలే. మగ్గం కింది గుంట సాఫ్ జేసి నేనే కూసున్న. పోగు ఊకె తెగుతున్నది. వచ్చి సూపెట్టు."

నేస్తే ఎవడు కొంటాడో నర్సయ్యకి అప్పటికీ తెలియదు. తెల్లారి డ్యూటీ బస్సు వచ్చింది. అతను ఎక్కలేదు. ఆఫీసుకి నడిచివెళ్ళి, కంపెనీ దాచుకున్న తన పాస్‌పోర్టు ఇచ్చెయ్యమన్నాడు.