ఇసుకగాలిలో ఎర్ర ముక్కోణం

నేను ఒక ఎర్ర ముక్కోణాన్ని. కారు దారిలో ఆగిపోతే వెనకొచ్చే బండ్లకు కనబడేలా రోడ్డు మీద నిలబెడతారే, దాన్ని. నన్ను కొనే మనిషి కొనేటప్పుడే నా మొహం ఎన్నడూ చూడకూడదని కోరుకుంటాడు. అట్లాంటి పుట్టుక నాది.

ఏదో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కరిగించి నన్ను పోతపోశారు. ఒకావిడ మెరిసే పట్టీలు అతికించి, మడిచి, డబ్బాలో పెట్టింది. అక్కణ్ణుంచి కువైట్‌లో ఒక పెద్దింటి కారు డిక్కీలోకి చేరాను. ఏళ్ల తరబడి స్టెప్నీ పక్కన పడుకోవడమే నా ఉద్యోగం. ఆ కారు డ్రైవరు నాగసుబ్బయ్యది కడప జిల్లా లక్కిరెడ్డిపల్లె. రోజూ కారును తళతళలాడేలా తుడుస్తాడు గాని, నా డబ్బా మూత ఒక్కసారీ తీసి చూడలేదు. నాకు ఒళ్లు మండేది.

ఒక పొద్దున అతను యజమాని పిల్లల్ని బడిలో దింపి, ఆ ఇంట్లోనే వంట చేసే రెడ్డెమ్మతో కూరగాయలు తీసుకుని తిరిగొస్తున్నాడు. ఇసుకగాలి లేచింది. ముందు పోతున్న పికప్ నెమ్మదించింది. నాగసుబ్బయ్య బ్రేకు వేసేసరికి ఆలస్యమైపోయింది. గుద్దేశాడు. తప్పు అతనిదే, దాచడానికేం లేదు. పికప్ నడుపుతున్న ముసలాయన, ఆ దేశపు మనిషి, కాలు ఇరుక్కుని సీట్లోనే మూలుగుతున్నాడు. రెండు బండ్లూ ఒకదానికొకటి అతుక్కుని రోడ్డు మధ్యలో నిలిచిపోయాయి.

నాగసుబ్బయ్య ఊళ్ల వైపు ఇట్లా జరిగితే డ్రైవరు ముందు చేసే పని పరుగెత్తడం. జనం చేతికి చిక్కితే ఎముకలు మిగలవు. ఏం చెప్పుకున్నా పోలీస్ స్టేషనుకు చేరాకే.

“అన్నా, పోదాం పా. ఈడుంటే జైల్లో ఏస్తారు. లైసెన్సు పోతాది, నిన్ను ఊరికి తరిమేస్తారు,” అంది రెడ్డెమ్మ.

“గుద్దింది నేను రెడ్డెమ్మా. ఆయన్ని రోడ్డు మధ్యలో ఇడిసిపెట్టి యాడికి పోదాం? నువ్వు అంబులెన్సుకు ఫోన్ చెయ్. నీకు అరబ్బీ బాగొచ్చు గదా.”

డిక్కీ తెరుచుకుంది. నన్ను విప్పడం రాక వేలు ఇరికించుకున్నాడు. రోడ్డు మీద పెడితే గాలికి పల్టీ కొట్టాను. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. జీవితానికి ఒక్కటే పని, అదీ చేతకాలేదు. తన ఊరి రోడ్డయితే నాలుగు రాళ్లు అడ్డం పెట్టేవాడు. అక్కడ ఎటు చూసినా ఇసుకే.

నన్ను రెండు చేతులతో తలపైకెత్తి, వెనక్కి కొంత దూరం నడిచి, వచ్చే బండ్లకు ఎదురుగా నిలబడ్డాడు.

ముందు హారన్ వినిపించింది. తర్వాత దుమ్ములోంచి లారీ లైట్లు. అతను కదల్లేదు. లారీ ఆఖరి క్షణంలో పక్కకు తిరిగి ఇసుకలోకి దిగింది. దాని అద్దం తగిలి నా ఒక పక్క విరిగింది, అతను కిందపడ్డాడు. లేచాడు. విరిగిన నన్నే మళ్లీ ఎత్తాడు. అతని మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది. ప్రేమ పుట్టింది, చెప్పడానికి సిగ్గెందుకు.

పోలీసులు వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు. దించమన్నా వేళ్లు విడివడలేదు. పోలీసాయనే ఒక్కో వేలూ విప్పదీశాడు. ఎవరు గుద్దారని అడిగితే, వచ్చీరాని అరబ్బీలో “నేనే” అన్నాడు.

స్ట్రెచర్ మీద తీసుకుపోతున్న ముసలాయన ఆగమని చెయ్యెత్తి పోలీసుతో ఏదో అన్నాడు. రెడ్డెమ్మ ఏడుపు మొదలెట్టింది.

“ఏమంటాండాడు? నా మీదేనా?” అడిగాడు నాగసుబ్బయ్య.

“అవున్నా. ఈయన నన్ను గుద్దినాడు, అది రాసుకో అంటాండాడు. నన్ను ఇడిసి పోలేదు, లారీకి ఎదురు నిలబడినాడు, నా బండి అద్దంలో సూస్తానే ఉండా, అదీ రాసుకో అంటాండాడు. రెండూ రాసేదాకా ఆస్పత్రికి పోనంటాండాడు.”

లైసెన్సు కొన్నాళ్లు ఆపారు గాని, అతన్ని ఊరికి పంపలేదు. నేను మాత్రం పోలీసు యార్డులో తుక్కు కార్ల మధ్య పడి ఉన్నాను. నా పక్కనున్న బంపర్లు తమ ఘనత చెప్పుకుంటాయి. నేనూ చెబుతాను. రోడ్డు మీద నిలబడింది ఒక్కసారే, అదీ నా కాళ్ల మీద కాదు.