తిన్న ఇంటి లెక్క

తెల్లవారేసరికి చాకవేలు దిక్కున మబ్బులు ఇంకా నల్లగానే ఉన్నాయి. రాత్రి వానకు బాగేపల్లి దారి ఎర్రగా మెత్తబడింది. బ్యాంకు బంట్రోతు పిళ్ళప్ప గడప కడిగి, రొమ్ము మీది ఇత్తడి బిళ్ళను చింతపండుతో తోముకుని, అరటాకులు కోయడానికి పెరట్లోకి వెళ్ళాడు. తనిఖీ అధికారి వచ్చే రోజు అతని అసలు పని అదే.

బ్యాంకు రిజిస్టరయింది సరిహద్దు అవతల, మద్రాసు సీమలో. మైసూరు తాలూకా అధికారి అమల్దారు అడిగితే యజమాని వెంకటరాయప్ప కాగితాలు అవతల ఉన్నాయనేవాడు. అవతలివాళ్ళు అడిగితే దుడ్డు ఇవతల ఉందనేవాడు. మిగిలింది ఆకులో వడ్డించిన అన్నం చూసుకునేది. అన్నం తిన్న ఇంట్లో లెక్క అడగడం అక్కడ మర్యాద కాదు.

అధికారి ఒబ్బట్లు తిని, ఇనప్పెట్టె తెరవమనకుండానే లేచాడు. చేతుల మీద పిళ్ళప్ప నీళ్ళు పోశాడు.

"నాకు వేరే ఊరికి వర్గమైంది రాయప్పా. వచ్చే నెల కొత్తాయన వస్తాడు. బయట మెతుకు ముట్టడు."

"నీళ్ళన్నా తాగుతాడా సామీ?" వెంకటరాయప్ప నవ్వాడు.

"చెంబు ఆయనే తెచ్చుకుంటాడు."

నవ్వు ఆగిపోయింది.

మధ్యాహ్నం కెంపమ్మ వచ్చింది. పిళ్ళప్పకు వదిన, చనిపోయిన అన్న భార్య. భుజాన ఎద్దుకు కట్టే కొత్త పలుపు. ముసలి ఎద్దును అమ్మిన దుడ్డు పిళ్ళప్ప మాట మీదే బ్యాంకులో వేసింది.

"తడి ఆరకముందే దున్నల్ల. సంతలో ఎద్దును బేరం చేసినా. నా దుడ్డు ఇచ్చెయ్యప్పా."

"ముందు ఎంగిలి పడమ్మా. పిళ్ళప్పా, ఆకు వెయ్యి."

తినొద్దు వదినా అని పిళ్ళప్ప అనాల్సింది. ఆకు వేశాడు.

ఆమె తిని, చేయి కడుక్కుంది. "రేపు రామ్మా" అని వెంకటరాయప్ప అంటే "సరేనప్పా" అంది.

పొద్దువాలకముందే వెంకటరాయప్ప జట్కా సరిహద్దు దాటింది. బ్యాంకు తలుపుకు తాళం. సంగతి తెలిసి కెంపమ్మ అమల్దారు కచేరీకి పోతే, అవతలి కోర్టుకు పొమ్మన్నారు.

అక్కడినుంచి నేరుగా పిళ్ళప్ప ఇంటికి వచ్చింది. పలుపు గడప దగ్గర పెట్టింది.

"నువ్వు చెప్తేనే గదా పిళ్ళప్పా నేను..."

అతను పొద్దున మిగిలిన ఆకు ఆమె ముందు పరిచి, తన రాగిముద్దను రెండు చేశాడు. పరిచాక గాని తన చేయి ఏం చేసిందో తెలియలేదు. తీయబోయాడు.

"ఉండనీ" అంది కెంపమ్మ. ఆకు వైపు చాలాసేపు చూసి, కూర్చుంది.

ఇద్దరూ తిన్నారు. ఆమె చేయి కడుక్కుని, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది.

గడప పక్కన కొత్త పలుపు, వేసిన చుట్ట వేసినట్టే ఉంది.